మెడగొట్టం మీద రాత

ఆ సైకిల్ని మా ఆడపడుచు తొక్కుకుంటూ తేలేదు, నడిపించుకుంటూ కూడా తేలేదు. భుజాన వేసుకుని మోసుకొచ్చింది. ఎండలు ముదిరిన రోజులవి. నేను షాపులో నేల మీద కూర్చుని ట్యూబుకి పట్టీ అంటిస్తున్నాను. గుమ్మంలో నీడ పడితే తలెత్తి చూశాను. యాభై నాలుగేళ్ళ మనిషి చెమటతో తడిసి ముద్దయి, భుజం మీద ఒక తుప్పు పట్టిన అస్థిపంజరంతో నిలబడి ఉంది.

"ఎవర్ని పూడ్చడానికమ్మా మోసుకెళ్తున్నావు?" అన్నాను.

"పూడ్చడానికి కాదు వదినా, లేపడానికి," అంది.

పాత సామాన్ల గోదాములో దొరికిందట. దూర ప్రయాణాల కోసం చేసిన బండి అది. సన్నటి ఉక్కు గొట్టాలు, పొడుగాటి ఒళ్ళు, మూటలు కట్టుకోవడానికి ముందూ వెనకా చిన్న చిన్న ఇనుప చెవులు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్. మీద ఎవరో బ్రష్షుతో మందంగా నల్లరంగు పూశారు. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. సీటు పైకి రాదు, హ్యాండిల్ మళ్ళదు, పెడళ్ళు తిరగవు, గొలుసు కర్రలా నిటారుగా నిలబడుతోంది.

మా ఆడపడుచు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది. వీధిలో అందరూ సిస్టరమ్మ అంటారు. నాకు ఒళ్ళు మండినప్పుడు నేనూ అలాగే పిలుస్తాను. పెళ్ళి వద్దనుకుంది. మా ఆయన పోయిన నాలుగేళ్ళుగా షాపు వెనక గదుల్లో మేమిద్దరమే ఉంటున్నాం. మా ఊళ్ళో ఆమెలాంటి రిటైరైన వాళ్ళు ఏడుగురు, ఎండలు తగ్గగానే సైకిళ్ళ మీద కొండలు దాటి అవతలి సముద్రం దాకా వెళ్తారు. తొమ్మిది రోజుల దారి. ఈసారి ఈమెనీ రమ్మన్నారు. అయితే మామూలు సైకిలు పనికిరాదన్నారు. కొండ దిగేచోట పద్దెనిమిది మలుపులున్నాయట.

"నలభై రోజులుంది. అప్పటికి అవుతుందా వదినా?"

"చూడాలి."

"చూడాలేంటి? అన్నయ్యయితే చూడకుండానే 'అయిపోతుంది' అనేవాడు."

అది నిజమే. మా ఆయన్ని ఊరంతా 'అయిపోతుంది మేస్త్రి' అనే పిలిచేది. ఏ బండి తెచ్చినా, ఎంత విరిగినా, ఆ మనిషి నోట ముందుగా వచ్చే మాట అదే. పక్కన కూర్చుని పానాలు అందిస్తూ అందిస్తూ నాకూ పని వచ్చేసింది. ఆయన పోయాక షాపు మూయలేదు.

"సరే, అయిపోతుందిలే," అన్నాను. నా నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

*

ముందు పెడళ్ళ పని పట్టాం. కుడిది రెండు దెబ్బలకే లొంగింది. ఎడమదాని మీద మా ఆడపడుచు పానా పెట్టి ఎక్కి నిలబడింది. బండి కిర్రుమంది గానీ పెడల్ కదల్లేదు.

"దిగవే తల్లీ! ఇంకా బిగిస్తున్నావు దాన్ని."

"విప్పుతుంటే బిగించడమేంటి?"

"ఎడమ పెడల్‌కి తిరకాసు మర. అన్నిటినీ ఎటు బిగిస్తామో దీన్ని అటు తిప్పితే ఊడుతుంది."

"మా సూపరింటెండెంటు లాగా అన్నమాట," అని దిగింది.

సీటు పైపు మాత్రం కొరకరాని కొయ్య అయింది. పైపు అల్యూమినియం, దాన్ని పట్టుకున్న గొట్టం ఉక్కు. ఎన్నేళ్ళ చెమటో, ఎన్ని వానలో తాగి, రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని ఒక్కటైపోయాయి. పది రోజులు పొద్దునా సాయంత్రం చుక్క చుక్క నూనె పోశాను. మరిగే నీళ్ళు పోశాను. కొయ్య సుత్తితో తట్టాను. మా ఆడపడుచు రోజూ వచ్చి దాని నాడి చూసేది. నిజంగానే రెండు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని చూసి, "ఇవాళ కొంచెం నయం" అనేది.

పదకొండో రోజు తెగించాం. బండిని తలకిందులు చేసి, సీటు పైపుని బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, బండినే పానాలా పట్టుకుని ఇద్దరం చెరోవైపు నుంచి తిప్పాం. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక అరుపు వినిపించింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూశారంటే అర్థం చేసుకోండి. మరో రెండు తిప్పులకి బండి మా చేతుల్లోకొచ్చింది, మా ఆడపడుచు వెల్లకిలా వెళ్ళి టైర్ల కుప్పలో పడింది. పడ్డచోటే పడి నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "పురుడు పోసినంత పనైంది వదినా," అంది.

ఆ సాయంత్రం మేమిద్దరం ఎంత సంతోషంగా ఉన్నామో ఇప్పటికీ గుర్తుంది. ఆ ఎండాకాలం అలాగే గడిచిపోయి ఉంటే బాగుండేది.

*

నాలుగో వారంలో హ్యాండిల్ కూడా ఊడింది. ఇక ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు విప్పి, మెడ దగ్గరి బేరింగు గోళీలు మార్చాలి. గోళీలు తెమ్మని ఆమెని బజారుకి పంపి, నేను ఫోర్కు కిందికి లాగాను.

ఫోర్కుకి పైన ఒక మెడగొట్టం ఉంటుంది. అది బండి లోపల దాగి ఉంటుంది. బిగించాక ఎవరికీ కనబడదు. బండి బరువూ, మనిషి బరువూ, దారిలోని ప్రతి గుంటా దాని మీదే పడతాయి. పాత గ్రీజు గోకుతుంటే ఆ మెడగొట్టం అడుగున ఒక ఇత్తడి పట్టీ కనిపించింది. ఎవరో అక్కడ ఇత్తడి కరిగించి అతుకు పెట్టారు. దానికి రెండు వేళ్ళ పైన గీతలు ఉన్నాయి. వాటిని చూడగానే నా మొహం విప్పారింది. అవి మా ఆయన గీతలు!

ఆయనకి ఒక అలవాటుండేది. ఫోర్కు విప్పి బాగుచేసిన ప్రతి బండికీ, మళ్ళీ బిగించబోయే ముందు, మెడగొట్టం మీద ఉక్కు సూదితో ఏవో గీసేవాడు. పెళ్ళయిన కొత్తలో, "ఎవరికీ కనబడనిచోట ఎవరికోసం గీస్తున్నావు?" అని అడిగాను. "తర్వాత విప్పేవాడికి," అన్నాడు. మళ్ళీ అడగలేదు. అక్షరాలు రాని నాకు అవి బొమ్మలు. రెండు రకాలుండేవి. ఒకటి పొట్టిది, గోరంత. దాదాపు అన్ని బండ్లకీ అదే. ఇంకోటి పొడుగుది, గొట్టం చుట్టూ సగందాకా పాకేది. ఎప్పుడో ఒకసారి గానీ గీసేవాడు కాదు. పొడుగుది గీసిన రోజున ఆయన చాలాసేపు పని చేసేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అన్నం దగ్గర తలెత్తేవాడు కాదు. మనసంతా పెట్టి చేసిన పనికి అది గుర్తు అనుకున్నాను. ఆయన పోయాక నేను ఫోర్కులు విప్పడం మొదలుపెట్టి, పని బాగా కుదిరిందనిపించిన ప్రతిసారీ ఆ పొడుగు బొమ్మనే గీస్తూ వచ్చాను. చూసి చూసి చేతికి పట్టుబడిన బొమ్మ.

కిందటి చలికాలంలో మా ఆడపడుచు పట్టుబట్టి నాకు చదువు నేర్పింది. బజార్లో బోర్డులు, మందు సీసాల మీద పేర్లు చదవడం వచ్చింది. ఆ తర్వాత వచ్చినవన్నీ పంక్చర్లూ, బ్రేకులూ, గొలుసులూ. ఫోర్కు విప్పే పని ఇదే మొదటిది.

నవ్వుకుంటూనే గుడ్డతో గ్రీజు తుడిచాను. తుడుస్తుంటే మొదటి గీత 'ప' అయింది.

పక్కది 'గు'. దాని పక్కది 'లు'.

చేతిలో గుడ్డ ఆగిపోయింది. మిగతాది చదవకూడదనుకున్నాను. కానీ అక్షరాలు వచ్చిన మనిషికి వాటిని మళ్ళీ బొమ్మలుగా చూడటం కుదరదు. అవి వాటంతటవే లోపలికి వచ్చేశాయి.

పగులు ఉంది. నమ్మొద్దు.

వీధిలో ఎవరో పలకరించారు, నేను తల ఊపాను. కోపం రాలేదు, ఏడుపు రాలేదు. ఆయనకి తెలుసు అన్న మాటొక్కటే తల లోపల తిరిగింది. పగులుందని తెలిసి, దాని మీద ఇత్తడి పూసి, పైకి కనబడకుండా బిగించి, తొక్కేవాడి చేతికిచ్చాడు. తర్వాత విప్పేవాడికి చెప్పాడు. తొక్కేవాడికి చెప్పలేదు.

బండి మీద నల్లరంగుని గోరుతో గీకాను. కింద ఆకుపచ్చ ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. పొడుగాటి మాస్టారొకాయన ఆకుపచ్చ సైకిలు తెచ్చి, మర్నాడే దూర ప్రయాణముందని షాపులో కుర్చీ వేసుక్కూర్చున్నాడు. "వేరే ఫోర్కు దొరకాలంటే నెల పడుతుంది, ఏదోలా చెయ్యి మేస్త్రీ" అన్నాడు. మా ఆయన చాలాసేపు ఫోర్కుని ఇటూ అటూ తిప్పి చూసి, చివరికి ఆ మాటే అన్నాడు. అయిపోతుంది. బండి మాస్టారి చేతికిచ్చింది నేను. "ఇంకేం భయం లేదు, క్షేమంగా వెళ్ళి రండి" అని కూడా అన్నాను.

తర్వాత దర్జీ గుర్తొచ్చాడు. పన్నెండేళ్ళ కిందట వంతెన దిగుతూ సైకిలు మీంచి పడి దవడ విరగ్గొట్టుకున్నాడు. మా ఆయనే మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, నెల రోజులు రోజూ వెళ్ళి చూశాడు, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అతని బండికి ఊరికే పనిచేశాడు. ఊరంతా ఎంత పొగిడిందో! నేనెంత పొంగిపోయానో! ఆ దర్జీ సైకిలుకి, అతను పడటానికి ముందు వారమే, పొడుగు బొమ్మ గీయడం నేను పక్కన కూర్చుని చూశాను.

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఈ బండిని కలుపుకుని నాకు గుర్తున్న పొడుగు బొమ్మలు ఏడు. అవి ఆయనవి. ఇక నావి? ఏ లోపమూ లేని పదకొండు బండ్ల మెడల మీద, నా చేత్తో నేనే, మెచ్చుకుంటూ, నమ్మొద్దని చెక్కాను. రేపు వాటిని ఇంకో మేస్త్రి విప్పితే ఏమనుకుంటాడు?

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆకురాయి తీసుకున్నాను. ఫోర్కుని ఒళ్ళో పెట్టుకుని, ఆ రెండు మాటలూ పోయేదాకా రుద్దాను. ఇనుప రజను చీర మీద మెరుస్తూ పడింది. దులుపుకున్నాను.

*

మా ఆడపడుచు గోళీల పొట్లంతో వచ్చి, బల్ల మీది ఫోర్కు చూసి, అడుగు దూరంలో ఆగిపోయింది.

"వదినా! ఇది అన్నయ్య అతుకు."

"ఎవరిదైతే ఏం. ఆ ఫోర్కు పనికిరాదు. వేరేది చూద్దాం."

"ఎవరిదైతే ఏంటేంటి? చూడు, అంచున గీత గీసినట్టు ఎంత సన్నగా ఆపాడో! ఇత్తడిని ఇలా పొయ్యగలిగినవాళ్ళు ఇంకెవరున్నారు?" వేలితో ఆ పట్టీని నిమిరింది. "గోదాములో ఇన్ని బండ్లుంటే నేను దీన్నే ఎత్తుకున్నానంటే చూడు."

"అతుకు పెట్టింది ఎప్పుడో. ఇనుము మెత్తబడి ఉంటుంది. నా మాట విను."

"అన్నయ్య చెయ్యి పడిన బండి ఇది. ఇంకేం కావాలి? నువ్వేంటి, పరాయిదానిలా మాట్లాడుతున్నావు?" అని, పైన నిగనిగలాడుతున్న చోటు చూసింది. "ఇక్కడెందుకు అరగదీశావు?"

"తుప్పుంది."

జీవితంలో ఆమెకి చెప్పిన మొదటి అబద్ధం కాదు గానీ, ఆమె నమ్మినందుకు నాకు భయమేసింది అదే మొదటిసారి.

రెండు వారాలు నాన్చాను. వేరే ఫోర్కు దొరికిందంటే వద్దంది. మెడ గోళీలు కుదరట్లేదంటే తనే కూర్చుని ఒక్కొక్కటీ అమర్చింది. బండి పాడైపోతుందేమోనంటే, "నీకు కుళ్ళు వదినా. మీ ఆయన అతికిన బండి మీద నేను తిరుగుతానని," అని నవ్వింది. చెప్పేస్తే ఒక్క మాటతో అయిపోతుంది. కానీ ఆ ఒక్క మాటా చెబితే, ఆమెకి అన్నయ్య ఉండడు. గోడ మీద ఫొటోకి రోజూ పొద్దున్నే 'వెళ్ళొస్తా అన్నయ్యా' అని చెప్పి బయటికెళ్ళే మనిషి ఆమె. పైగా నేను చెప్పినా చూపించడానికి ఏముంది? రాతని నేనే తుడిచేశాను.

యాత్రకి నాలుగు రోజులుందనగా బండి సిద్ధమైంది. తెల్లారగానే ఆసుపత్రి గుట్ట మీద తొక్కి చూస్తానంది. గుట్ట కింద మలుపు దగ్గర నన్ను నిలబెట్టి, తను పైకి నడిపించుకుంటూ వెళ్ళింది.

నేను అరిచి ఆపొచ్చు. అరవలేదు. పైనుంచి గంట మోగించింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. మొదట చిన్న చుక్కలా, తర్వాత నల్లటి జుట్టు, తర్వాత మొహం. గుంటలో పడినప్పుడు ముందు చక్రం ఎగిరింది. నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుని దేనికోసం ఎదురుచూశాను? ఫోర్కు విరిగే చప్పుడు కోసం.

బ్రేకులు కీచుమన్నాయి.

"చూశావా!" అంది నా పక్కన. మొహం ఎర్రగా, పదహారేళ్ళ పిల్లలా ఉంది. "గాలిలో వెళ్ళినట్టుంది వదినా. ఏంటి, అలా నిలబడ్డావు? ఎవరైనా పోయారా?"

"బండి ఇవ్వు," అన్నాను.

"ఎందుకు?"

"ఇవ్వు."

*

షాపులోకి తెచ్చి, ఆమె ఏమిటేమిటంటున్నా వినకుండా, చక్రం తీశాను, హ్యాండిల్ తీశాను, ఫోర్కు లాగాను. మెడగొట్టాన్ని వైసులో బిగించాను. ఫోర్కు కాళ్ళ మధ్య మనిషంత పొడుగున్న ఇనుప గొట్టం దూర్చాను.

"నీకు పిచ్చి పట్టిందా? అన్నయ్యది!" అని నా చెయ్యి పట్టుకుంది.

"మంచిదైతే విరగదు. వంగుతుందేమో గానీ విరగదు. విరగలేదంటే నీకు ఏ ఫోర్కు కావాలంటే అది, ఎంత దూరం నడిచైనా తెచ్చిస్తాను. వదులు."

ఏమనుకుందో, వదిలింది. నేను గొట్టం చివర పట్టుకుని నా బరువంతా వేశాను. లావుపాటి మనిషిని కాను. పెద్ద చప్పుడేమీ కాలేదు. బిస్కెట్ విరిగినట్టు విరిగింది. నేను మోకాళ్ళ మీద పడ్డాను.

ఆమె వైసు మీదికి వంగి చూసింది. మందులిచ్చేముందు సూదిని వెలుగులో పెట్టి చూసినట్టే చూసింది. విరిగినచోట గొట్టం చుట్టూ అంతా నల్లగా, ముదిరిన తుప్పు. ఒక్కవైపు మాత్రం గోరంత వెడల్పున కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. ఇన్నేళ్ళూ ఆ ఫోర్కుని పట్టుకున్నది ఆ గోరంతే. ఇందాక గుట్ట దిగినప్పుడు ఆమెని పట్టుకున్నదీ ఆ గోరంతే. మీద ఇత్తడి పట్టీ మాత్రం నిగనిగలాడుతూ ఉంది.

ఆమెకి చెప్పక్కర్లేదు. పాత గాయమేదో కొత్త గాయమేదో ఆమెకి నాకన్నా బాగా తెలుసు.

"పాపం, అన్నయ్యకి తెలిసి ఉండదు," అంది మెల్లగా. అని, నావైపు చూసింది. "తెలీదు కదా వదినా?"

తెలీదంటే సరిపోయేది.

"తెలుసు," అన్నాను.

"నువ్వెలా చెప్పగలవు?"

"రాశాడు. మెడ మీద. పగులు ఉంది, నమ్మొద్దు అని."

"ఏదీ?"

"నేను ఆకురాయితో చెరిపేశాను. నువ్వు గోళీలకి వెళ్ళినరోజు."

ఆమె ఒకసారి ఫోర్కు వైపు, ఒకసారి నా వైపు చూసింది. ఆమె మొహంలో అన్నయ్య పోవడం నేను చూస్తాననుకున్నాను. నేను చూసింది అది కాదు.

"అంటే, ఇందాక నేను గుట్ట ఎక్కుతున్నప్పుడు... నీకు తెలుసు."

"తెలుసు."

"కింద నిలబడ్డావు."

"నిలబడ్డాను."

ఆమె కుళాయి దగ్గరికెళ్ళి, ఆసుపత్రిలో లాగా మోచేతుల దాకా సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన ఇత్తడి పూసి పంపించాడు, నేను ఇత్తడి కూడా పూయకుండా పంపించాను. ఆయన్ని ఏమనాలో వెతుక్కుంటూ రెండు వారాలు గడిపాను గానీ, ఆ పేరు నాకే సరిపోతుందని ఆ కుళాయి చప్పుడు వింటున్నప్పుడు గానీ తెలియలేదు.

*

మూడు రోజులు ఒక ఇంట్లోనే ఇద్దరం రెండు ఊళ్ళలో ఉన్నట్టు ఉన్నాం. నేను వంటింట్లోకి వస్తే ఆమె లేచి వెళ్ళేది. గోడ మీది ఫొటోకి ఏమీ చెప్పకుండానే బయటికి వెళ్ళింది, చెప్పకుండానే వచ్చింది.

నాలుగో రోజు పొద్దున యాత్రవాళ్ళు వీధిలో ఆగి గంటలు మోగించారు. ఏడుగురూ మూటలు కట్టుకుని, టోపీలు పెట్టుకుని, పెళ్ళికి బయలుదేరినట్టున్నారు. ఆమె గుమ్మంలోకి వెళ్ళి, "నేను రావట్లేదండీ. ఇక్కడ పని పడింది," అంది. వాళ్ళు బతిమాలారు, వేళాకోళం చేశారు. నవ్వుతూనే సాగనంపింది. మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.

లోపలికొచ్చి ఒక కాగితం, పెన్సిలు నా ముందు పడేసింది.

"రాయి."

"ఏంటి?"

"అన్నయ్య ఈ ఒక్క బండికే రాసి ఉండడు. ఎవరెవరి బండ్లో. గుర్తున్నవన్నీ రాయి. నేను చెప్పను, నువ్వే రాయాలి."

రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, ఒత్తులు తప్పాయి. ఆమె దిద్దలేదు. ఒకవైపు ఆయనవి ఆరు, ఇంకోవైపు, ఎందుకు గీశానో చెబుతూ, నావి పదకొండు. కాగితం మడిచి చేతిలో పట్టుకుని, "దర్జీ నుంచి మొదలుపెడదాం," అంది. దారిలో నాకన్నా రెండడుగులు ముందే నడిచింది.

దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని కోటు చెయ్యి కుడుతున్నాడు. మమ్మల్ని చూడగానే లేచి స్టూలు జరిపాడు. దవడ ఒకపక్కకి ఉంటుంది అతనికి, నవ్వితే సగం మొహమే నవ్వుతుంది.

"మేస్త్రమ్మా, సిస్టరమ్మా, ఇద్దరూ ఒకేసారా? ఏం కుట్టించుకుంటారు?"

చెప్పాల్సింది నేను. దారంతా మాటలు కూడగట్టుకున్నాను. తీరా అతని దవడ చూసేసరికి ఒక్కటీ మిగల్లేదు. మా ఆడపడుచు నావైపు చూసి, తనే చెప్పింది. చావు కబురు చెప్పేటప్పుడు వాడే గొంతు అది. ముప్పై ఏళ్ళు అలవాటైన గొంతు.

"ఆ రోజు వంతెన మీద మీ బ్రేకు తప్పు కాదండీ. ఫోర్కు మెడ విరిగింది. అది విరుగుతుందని మా అన్నయ్యకి ముందే తెలుసు. తెలిసే బిగించి ఇచ్చాడు."

దర్జీ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు. అయిదో ఆరో ఉన్నాయి.

"పన్నెండేళ్ళమ్మా," అన్నాడు. "నేనే సరిగ్గా బ్రేకు పట్టలేదనుకున్నాను. మా ఆవిడా అదే అంది. మా ఆవిడ పోయేదాకా అదే అంది."

నేను అతని కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. అతను నన్ను లేపలేదు. మా ఆడపడుచు కూడా లేపలేదు.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

ఆమె కాగితం విప్పి ఇచ్చింది. నా వంకర రాతని అతను వేలు పెట్టుకుని కిందికి దిగుతూ చదివాడు. నాలుగో వరుస దగ్గర వేలు ఆగింది.

"ఈ అద్దాల పనివాడు... నీళ్ళ ట్యాంకు పక్కన ఉండే అతనేనా?"

"అతనే," అన్నాను కింద నుంచి.

"అతను ఇంకా ఆ బండే తొక్కుతున్నాడు. ఇందాకే నా ముందు నుంచి వెళ్ళాడు. వెనకాల కూతుర్ని కూర్చోబెట్టుకుని."

ఎటు వెళ్ళాడని మేము అడగలేదు. మేమొచ్చిన వైపు ఎదురవలేదు, ఆ వీధికి రెండో కొస వంతెన మీదికే పోతుంది. దర్జీ కోటుని మిషను మీదే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తాడు. మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజి లేపింది. మూడు రోజుల తర్వాత నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"లే వదినా," అంది. "పరిగెత్తు."